పాత మోకాలి దెబ్బ ముదిరితే: వైద్యం ఎంచుకునే ముందు తెలుసుకోవలసినవి



కొంతకాలం క్రితం బొగ్గు గనుల ప్రాంతం నుండి ఒక తమ్ముడు భార్యతో కలిసి మా ఓపీకి వచ్చాడు. వయసు నలభై దాటింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో రెండు ఎక్స్‌రేలు, ఒక ఎంఆర్‌ఐ ఫిల్ము, నాలుగైదు మందుల చీటీలు. ఇరవై ఏండ్ల క్రితం కబడ్డీ ఆడుతుంటే కుడి మోకాలు మెలిపడి వాచింది. నాటు కట్టు కట్టించుకుని, నెల రోజులు ఇంట్లో ఉండి, వాపు తగ్గగానే పనికి పోయాడు. అప్పుడప్పుడు కాలు జారినట్టయ్యేది. సర్దుకునేవాడు. ఈ రెండేండ్లలో అది ముదిరింది. ఒకచోట వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. ఇంకొకచోట మోకాల్లో సూది వేస్తే సరిపోతుందన్నారు. ఊళ్లో పెద్దమనిషి ఒకరు, కత్తి పెట్టిస్తే కాలు కట్టె అయిపోతుందని భయపెట్టాడు.

"సిస్టరమ్మా, ఆపరేషన్ చేపిచ్చుకోవాల్నా, వద్దా? ఒక్క మాట చెప్పున్రి" అని అతను అడిగాడు.

భార్య అడిగింది వేరు. "గనిల దిగే పని పోతే మా బతుకెట్లమ్మా? ఆపరేషన్‌కని ఇంటి జాగ అమ్మకానికి పెట్టిండు."

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇలాంటి మోకాళ్లు ఎన్నో చూస్తున్నాం. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్, బెల్లంపల్లి గనుల్లో పనిచేసేవారు, నాట్లు వేసే అక్కలు, పత్తి ఏరే చెల్లెళ్లు, పొద్దంతా నేల మీద కూర్చుని బీడీలు చుట్టే అమ్మలు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఆపరేషనా, కాదా? ఈ పాఠంలో మేము చెప్పదలచినది ఒక్కటే. ఆ ప్రశ్న రెండోది. మొదటి ప్రశ్న వేరే ఉంది: ఈ మోకాలు మిమ్మల్ని ఏం చేస్తున్నది, దానితో మీరు ఏం చేయగలగాలని కోరుకుంటున్నారు?

యోహాను సువార్త 5వ అధ్యాయంలో ముప్పై ఎనిమిది ఏండ్లుగా జబ్బుతో ఉన్న మనిషి బేతెస్ద కోనేటి దగ్గర పడి ఉన్నాడు. ప్రభువు అతనిని లేపడానికి ముందు ఒక ప్రశ్న అడిగాడు. కోరిక ఏమిటో అతని నోటనే చెప్పించాడు. పాత జబ్బుకు వైద్యం చేసేవారందరూ నేర్చుకోవలసిన వరుస ఇది.

మోకాలి లోపల ఏముంది?

తొడ ఎముక, కాలి ఎముక కలిసేచోట ముందు చిప్ప ఉంటుంది. ఎముకల చివర్ల మీద నున్నటి పొర ఉంటుంది. దాన్ని మృదులాస్థి అంటారు. రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో రెండు మెత్తలు ఉంటాయి. వీటిని డాక్టర్లు మెనిస్కస్ అంటారు. బరువును పంచడం వీటి పని. ఎముకలు పక్కకు జారకుండా గట్టి తాళ్లవంటి లిగమెంట్లు కట్టి ఉంచుతాయి. మనవాళ్లు "నరం తెగింది" అంటుంటారు. అది నరం కాదు, లిగమెంటు. మోకాలి నడిమధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు ఆటల్లో, బండి మీద నుండి పడినప్పుడు ఎక్కువగా తెగుతుంది.

మరి ఎప్పుడో తగిలిన దెబ్బ ఇరవై ఏండ్ల తర్వాత ఎందుకు ముదురుతుంది? ఏసీఎల్ పూర్తిగా తెగితే దానంతటదే సరిగ్గా అతుక్కోవడం అరుదు. వాపు తగ్గుతుంది గాని తాడు తెగే ఉంటుంది. ఎముక అప్పుడప్పుడు జారుతుంది. జారినప్పుడల్లా మధ్యనున్న మెత్త నలిగి చిరుగుతుంది. మెత్త చిరిగితే బరువంతా మృదులాస్థి మీద పడి అది అరుగుతుంది. మృదులాస్థికి రక్తనాళాలు లేవు, కాబట్టి తిరిగి పెరగడం కష్టం. నొప్పి తెలిపే నరాలు కూడా దానిలో లేవు, కాబట్టి అరుగుదల మొదలైన సంగతి చాలాకాలం మనకు తెలియదు. దీనికి తోడు నొప్పి ఉన్న కాలును వాడటం తగ్గిస్తాం. తొడ ముందు కండ సన్నబడుతుంది. కండ తగ్గితే మోకాలికి ఆసరా తగ్గుతుంది.

మూడు రకాల మోకాళ్లు

మా దగ్గరికి వచ్చినవారిని ముందుగా ఈ మూడు ప్రశ్నలు అడుగుతాం. ఒకే మనిషికి రెండు ఇబ్బందులు కలిసి కూడా ఉండవచ్చు. వాటిలో ఏది ఎక్కువ బాధపెడుతున్నదో చూడాలి.

మొదటిది, జారే మోకాలు. నడుస్తుండగా పక్కకు తిరిగితే, మెట్లు గాని ఏటవాలు గాని దిగుతుంటే కాలు ఉన్నట్టుండి వదిలేసినట్టు అవుతుందా? ఇది లిగమెంటు తెగినదానికి గుర్తు కావచ్చు. కండ బలహీనమైనా, నొప్పి వల్లా ఇలా అనిపించవచ్చు. అందుకే ఎముకల డాక్టరు చేతితో పరీక్ష చేసి తేల్చాలి.

దీనికి రెండు దారులున్నాయి. కండకు బలం పెంచే వ్యాయామం ఒకటి, కొత్త లిగమెంటు కట్టే ఆపరేషన్ రెండోది. బ్రిటన్‌లో 29 ఆసుపత్రులలో 316 మందిపై జరిగిన అధ్యయనం 2022లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. వారందరికీ లిగమెంటు తెగి కొంతకాలమైంది, కాలు నిలకడగా లేదు. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే, ముందు ఆపరేషన్ చేయించుకున్నవారి మోకాళ్లే మెరుగ్గా ఉన్నాయి. ముందు వ్యాయామం మొదలుపెట్టినవారిలో 41 శాతం మంది తర్వాత ఆపరేషన్‌కు వెళ్లారు. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తున్నాయి. పాత దెబ్బతో నిజంగా జారుతున్న మోకాలికి ఆపరేషన్ మంచి వైద్యమే. అయినా ఆ కాలంలో సగానికి మించినవారు వ్యాయామంతోనే నెట్టుకొచ్చారు.

మన పుల్లెల గోపీచంద్ గారి మోకాలి కథ తెలుగువారికి తెలిసినదే. 1994లో ఆట మధ్యలో ఆయన మోకాలి లిగమెంటు తెగింది. ఆపరేషన్లు జరిగాయి. ఏడేండ్ల తర్వాత 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఛాంపియన్ అయ్యారు. ఆపరేషన్ అంటే కాలు కట్టె అయిపోతుందనే భయానికి ఇది చాలినంత జవాబు. అయితే ఆ ఏడేండ్లను కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఆపరేషన్ టేబుల్ మీద పని ఒక పూటలో అయిపోతుంది. కాలును మళ్లీ తయారు చేసుకోవడం మాత్రం నెలల తరబడి మన చేతి పని.

రెండోది, ఇరుక్కునే మోకాలు. కాలు ఒక వంపులో ఆగిపోయి, ఎంత ప్రయత్నించినా చాపలేకపోతున్నారా? అటూ ఇటూ కదిపితే "టక్" మని విడుతుందా? చిరిగిన మెత్త ముక్కో, విడిపోయిన ఎముక ముక్కో మధ్యలో అడ్డుపడి ఉండవచ్చు. ఇలాంటి మోకాలికి చిన్న రంధ్రం ద్వారా గొట్టం పెట్టి చేసే ఆర్థ్రోస్కోపీ మేలు చేస్తుంది. కాలు పూర్తిగా ఇరుక్కుపోతే ఆలస్యం చేయకండి.

కాని ఉదయం లేవగానే బిగుసుకుపోయి, నాలుగడుగులు వేయగానే సర్దుకుంటే అది ఇరుక్కోవడం కాదు. అది అరుగుదల. అరిగిన మోకాలిని గొట్టంతో శుభ్రం చేస్తే నొప్పి పోతుందని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిపై ఈ సంగతి పరీక్షించి 2002లో ప్రచురించారు. కొందరికి లోపల శుభ్రం చేశారు. కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండేండ్ల వరకు చూసినా రెండు వర్గాల వారి నొప్పిలో తేడా కనబడలేదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అంతర్జాతీయ నిపుణుల బృందం, అరిగిన మోకాళ్లకు ఈ ఆపరేషన్ చేయవద్దని గట్టిగానే చెప్పింది.

మూడోది, అరిగిన మోకాలు. నడిస్తే నొప్పి, కూర్చుని లేస్తే నొప్పి, వాపు, కాలు కొంచెం కొంచెంగా వంగిపోవడం. దెబ్బ పాతదై, వయసు యాభై దాటితే ఎక్కువమందిలో చివరికి కనిపించేది ఇదే. దీనికి మెట్టుమెట్టుగా వైద్యం చేయాలి. మొదటి మెట్టు వ్యాయామం, బరువు తగ్గించుకోవడం, పని పద్ధతి మార్చుకోవడం. చివరి మెట్టు మోకాలి మార్పిడి.

మోకాలి మార్పిడి మంచి ఆపరేషనే. ప్రధానమంత్రిగా ఉండగానే వాజ్‌పేయి గారికి 2000 అక్టోబరులో ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు ముంబైలో మార్చారు. అప్పటి నుండి మన పల్లెల్లో కూడా దీని పేరు తెలిసింది. పెట్టిన మోకాళ్లలో పదింటిలో ఎనిమిది 25 ఏండ్ల వరకు నిలుస్తున్నాయని 2019లో లాన్సెట్‌లో వచ్చిన లెక్కలు చెబుతున్నాయి. కాని నలభై ఏండ్ల మనిషికి పెడితే, అది అరిగి రెండోసారి మార్చవలసి వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే వయసు, పని రెండూ చూడాలి.

డెన్మార్క్‌లో 100 మందిపై చేసిన పరిశోధన 2015లో వచ్చింది. అందరూ మార్పిడికి తగినవారే. మార్పిడి చేయించుకున్నవారికి నొప్పి బాగా తగ్గింది, కాని తీవ్రమైన ఇబ్బందులు కూడా వారిలోనే ఎక్కువ వచ్చాయి. ఆపరేషన్ లేకుండా క్రమంగా వ్యాయామం చేసినవారిలో నలుగురిలో దాదాపు ముగ్గురు ఏడాది గడిచేవరకు ఆపరేషన్‌కు వెళ్లలేదు. అంటే వ్యాయామం ప్రయత్నించి చూస్తే పోయేదేమీ లేదు. చాలకపోతే ఆపరేషన్ దారి ఎలాగూ తెరిచే ఉంటుంది.

ఫిల్ము చూసి భయపడవద్దు

"ఎంఆర్‌ఐలో చిరిగిందని రాసిన్రు" అని కన్నీళ్లు పెట్టుకునేవారున్నారు. అమెరికాలో యాభై దాటినవారి మోకాళ్లకు ఎంఆర్‌ఐ తీసి చూసిన ఒక పరిశోధన 2008లో వచ్చింది. మెత్తలో చిరుగు ఉన్నవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో నొప్పి గాని, బిగుసుకుపోవడం గాని లేనే లేవు. వయసుతో జుట్టు నెరిసినట్టే మెత్త కూడా పాతబడుతుంది. ఫిల్ములో ఉన్నదే మీ నొప్పికి కారణం కావాలని లేదు. ఫిల్ముకు కాదు, మనిషికి వైద్యం చేయాలి. ఎక్స్‌రే కూడా నిలబడి, కాలు మీద బరువు వేసి తీయించుకుంటే అరుగుదల సరిగ్గా తెలుస్తుంది.

ఇంట్లో చేయవలసిన పని: పన్నెండు వారాలు

మేము నర్సింగ్ చదివిన రోజుల్లో మోకాలి నొప్పి అంటే విశ్రాంతి అని నేర్చుకున్నాం. ఎందరికో "నడవకు, మెట్లెక్కకు, కూర్చో" అని చెప్పాం. అది చాలావరకు తప్పని ఇప్పుడు తెలిసింది. వాపు ఎక్కువగా ఉన్న నాలుగు రోజులు విశ్రాంతి సరే. ఆ తర్వాత కాలికి పని చెప్పాలి.

1. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టండి. తొడ కండ బిగించి తువ్వాలును కిందికి నొక్కండి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదలండి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు.

2. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడవండి. రెండో కాలిని వంచకుండా జానెడు ఎత్తు లేపి, ఐదు లెక్కపెట్టి, మెల్లగా దించండి. పదిసార్లు. తర్వాత రెండో కాలు.

3. గట్టి కుర్చీలో కూర్చుని, వీలైనంత వరకు చేతులు ఆన్చకుండా లేచి నిలబడండి. మెల్లగా కూర్చోండి. ఐదుసార్లతో మొదలుపెట్టి పదిహేనుకు పెంచండి.

4. చదును నేల మీద నడక. పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంట వరకు పెంచండి.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే భయం లేదు. మరునాటి ఉదయానికి నొప్పి, వాపు పెరిగితే లెక్క సగానికి తగ్గించండి గాని మానవద్దు. వారం రోజులు చేసి "లాభం లేదు సిస్టరమ్మా" అనేవారే ఎక్కువ. కండ పెరగడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. వీలైతే ఒకసారి ఫిజియోథెరపిస్టుకు చూపించి పద్ధతి సరిచేసుకోండి.

బరువు: ఒంటి బరువు ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో ఒక పరిశోధన చూపింది. ఐదు కిలోలు తగ్గిన అమ్మ ప్రతి అడుగులో ఇరవై కిలోల మూట దించుకున్నట్టే.

కూర్చునే పద్ధతి: బీడీలు చుట్టేవారు, కూరగాయలు అమ్మేవారు నేల మీద కాకుండా ఎత్తు పీట మీద కూర్చోండి. మరుగుదొడ్డిలో కమోడ్ కుర్చీ వాడండి. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి.

చేతికర్ర: నొప్పి కుడి కాలికి ఉంటే కర్ర ఎడమ చేతిలో పట్టాలి. చాలామంది దీన్ని తప్పుగా పడతారు. కర్ర పట్టడం సిగ్గు కాదు.

మందులు, సూదులు: ముందుగా మోకాలికి రాసే డైక్లోఫెనాక్ జెల్ వాడి చూడవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలను రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా అస్సలు వాడవద్దు. పేరు లేని పొడులు, పసరు మాత్రలతో మంత్రం వేసినట్టు నొప్పి పోతే అనుమానించండి. అలాంటి కొన్నింటిలో స్టీరాయిడ్ కలిసి ఉంటుంది.

మోకాల్లో వేసే స్టీరాయిడ్ సూది కొన్ని వారాలు నొప్పి తగ్గిస్తుంది. పెండ్లి పనులున్నప్పుడో, నొప్పితో వ్యాయామం మొదలుపెట్టలేనప్పుడో డాక్టరు ఒకసారి వేయవచ్చు. కాని మూడు నెలలకొకసారి చొప్పున రెండేండ్లు వేసి చూస్తే నొప్పిలో లాభం లేకపోగా మృదులాస్థి ఎక్కువగా తరిగిందని 2017లో వచ్చిన అమెరికా పరిశోధన చూపింది. సూదికీ ఫిజియోథెరపీకీ పోటీ పెట్టి చూసిన 2020 నాటి పరిశోధనలో, ఏడాది చివరికి ఫిజియోథెరపీ వర్గమే బాగుంది. షుగరు ఉన్నవారికి ఈ సూది తర్వాత కొద్ది రోజులు షుగరు పెరుగుతుంది. శుభ్రత లేనిచోట వేయించుకుంటే కీలులో చీము పట్టే ప్రమాదం ఉంది.

ఈ గుర్తులుంటే ఆగవద్దు

మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం ఉంటే. కొత్తగా పడి కాలు మీద బరువు వేయలేకపోతే. పాదం తిమ్మిరెక్కినా, చల్లబడినా. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే. కాలు ఇరుక్కుని అసలు చాపలేకపోతే. నొప్పితో పాటు కారణం లేకుండా ఒళ్లు చిక్కిపోతుంటే అదే రోజు ఆసుపత్రికి రండి. ఇక్కడ పన్నెండు వారాల లెక్క పనికిరాదు.

జాగ అమ్మే ముందు

ఆపరేషన్ అవసరమని తేలితే డబ్బు సంగతి వస్తుంది. ముందు ఈ మూడు పనులు చేయండి.

ఒకటి, ఆరోగ్యశ్రీ ఉన్నవారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. మీకు చెప్పిన ఆపరేషన్ పేరు కాగితం మీద రాయించుకుని వెళ్లి, అది పథకంలో ఉన్నదా, ఏ ఆసుపత్రిలో చేస్తారో అడగండి. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో ఈ పథకం పరిమితిని ఐదు లక్షల నుండి పది లక్షలకు పెంచారు.

రెండు, ఎముకల డాక్టరు కోసం అందరూ హైదరాబాదుకే పోనవసరం లేదు. ఆదిలాబాద్‌లో 2008 నుండి రిమ్స్ ఉంది. మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో 2022లో, కరీంనగర్, నిర్మల్, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. రెండో సలహా అక్కడ తీసుకోవచ్చు. సింగరేణి కార్మికులు ముందుగా తమ ఏరియా ఆసుపత్రిలో రిఫరల్ గురించి అడగాలి.

మూడు, కృత్రిమ మోకాలి ధరలకు కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులో హద్దు పెట్టింది. అంతకుముందు లక్షన్నర దాకా పలికిన కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాక 54,720 రూపాయలని నిర్ణయించింది. ఆ అంకె తర్వాత మారుతూ వచ్చింది. కాబట్టి బిల్లులో మోకాలి ధర వేరుగా చూపించమని అడగండి. అది మీ హక్కు.

డాక్టరును అడగవలసిన ఐదు ప్రశ్నలు

కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంట్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి.

1. నా మోకాలిలో ముఖ్యమైన ఇబ్బంది జారడమా, ఇరుక్కోవడమా, అరుగుదలా?
2. ఆపరేషన్ చేయించుకోకుండా ఆరు నెలలు ఆగితే నష్టమేమిటి?
3. ఈ ఆపరేషన్ తర్వాత నేను చేసే పని మళ్లీ చేయగలనా? ఎన్ని నెలలకు?
4. ఆపరేషన్‌తో తగ్గనిది ఏమిటి?
5. మీ ఇంట్లోవారికైతే ఏం చెబుతారు?

నాలుగో ప్రశ్న మరచిపోవద్దు. లిగమెంటు ఆపరేషన్ జారడాన్ని ఆపుతుంది గాని, అప్పటికే అరిగినదాన్ని కొత్తది చేయదు. ఈ సంగతి ముందు తెలియక, తర్వాత "డబ్బు దండుగైంది" అని బాధపడేవారిని చూశాం.

ఆ తమ్ముడికి ఏమైంది?

ఎముకల డాక్టరు పరీక్ష చేసి, లిగమెంటు తెగే ఉందని, అరుగుదల మాత్రం కొద్దిగానే ఉందని చెప్పారు. అతనిది జారే మోకాలు. సూదితో తగ్గేది కాదు. అలాగని రేపే కోయవలసినదీ కాదు. "నీకేం కావాలె?" అని మేము అడిగితే, "గనిల ఏటవాలు దిగేటప్పుడు కాలు నమ్మాలె" అన్నాడు. జాగ అమ్మకం ఆపమని చెప్పాం. పన్నెండు వారాలు వ్యాయామం చేశాడు. ఇంటి దగ్గర, చదును మీద జారడం బాగా తగ్గింది. గని ఏటవాలులో మాత్రం రెండుసార్లు జారింది. భూమి లోపల అలా జారడం అతని ఒక్కడికే కాదు, పక్కవారికీ ప్రమాదం. భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఆపరేషన్‌కు సిద్ధపడ్డారు. కంపెనీ ఆసుపత్రి రిఫరల్‌తో పని జరిగింది. జాగ మిగిలింది. వ్యాయామంతో కండ ముందే పెరిగి ఉండటం వల్ల తర్వాత కోలుకోవడం తేలికైంది. పది నెలలకు పనికి పోయాడు. చలికాలంలో నొప్పి ఇంకా ఉంది. కాలు మాత్రం జారడం లేదు.

అదే కాలంలో జగిత్యాల వైపు నుండి ఒక అవ్వ వచ్చేది. పొలం గట్టు మీద పడిన పాత దెబ్బ, రెండు మోకాళ్లూ అరిగాయి. మార్పిడి చేయించాలని కొడుకు, వద్దని బిడ్డలు ఆమె ముందే కొట్లాడుకునేవారు. అవ్వను ఎవరూ అడగలేదు. మేము అడిగితే, "గుడి మెట్లెక్కాలె, మనుమరాలిని బడికి తోల్కపోవాలె, అంతే బిడ్డా" అంది. వ్యాయామం, కర్ర, కమోడ్ కుర్చీతో రెండేండ్లు బాగానే గడిచాయి. తర్వాత రాత్రిళ్లు నిద్ర పట్టని నొప్పి వచ్చింది, కాలు వంగిపోయింది. అప్పుడు ఆమే "ఇగ మార్పియ్యున్రి" అంది. ముందు వద్దనడం తప్పు కాదు, తర్వాత సరేననడం తప్పు కాదు. మోకాలు మారినప్పుడు నిర్ణయమూ మారుతుంది.

ఆపరేషన్ తర్వాత అవ్వకు ఒకటే దిగులు. ప్రభువు బల్ల దగ్గర మోకరించగలనా అని. గాయం మానాక మెత్తటి దిండు మీద మోకరించడం చాలామందికి సాధ్యమే, కొందరికి చిప్ప దగ్గర ఇబ్బందిగా ఉంటుంది. మీ సర్జన్‌ను అడిగి ప్రయత్నించండి అని చెప్పాం. మోకరించలేకపోతున్నామని సిగ్గుపడి ఆరాధనకు రావడం మానేసినవారు మన సంఘాల్లో ఉన్నారు. అలాంటివారి ఇంటికి ఈ ఆదివారం వెళ్లండి, చేయి పట్టి తీసుకురండి, కుర్చీ వేయండి. కూర్చుని చేసిన ప్రార్థన కూడా దేవుడు వింటాడు.

ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో ఎవరి మోకాలు జారుతున్నది, ఇరుక్కుంటున్నది, అరిగింది?
2. నొప్పి ఉన్నవారిని "నీకేం కావాలి" అని మనం ఎప్పుడైనా అడిగామా?
3. కర్ర ఏ చేతిలో పట్టుకుంటున్నారు?
4. నొప్పి బిళ్లలు రోజుకెన్ని మింగుతున్నారు, ఎవరు చెప్పగా?

జవాబులు రాసుకుని ఓపీకి తెచ్చుకోండి. మా సిస్టర్లు మీతో కూర్చుని మాట్లాడతారు. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక.

నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున